వేసవిలో నీళ్ళడగని పొద

ఫ్రాన్సిస్కన్ మంజనీటా మూడడుగులకు మించి లేవదు. ఎదుగుదలంతా పక్కకే. కొమ్మలు నేలను పట్టుకుని రాళ్ళ మీదుగా పాకుతూ పోతాయి. ముదురు ఎరుపు బెరడు నున్నగా ఉంటుంది. ఎండలు ముదిరే వేళకు అది పలచని పొరలుగా ఊడిపోయి కింద కొత్త బెరడు మెరుస్తుంది. ఆకులు చిన్నవి, దళసరివి, ఏడాది పొడుగునా రాలకుండా ఉండేవి. తక్కిన మొక్కలు పూత మానేసిన చలికాలంలో దీనికి తెలుపు, లేత గులాబి రంగు పూలు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. తర్వాత అవే గుండ్రటి చిన్న కాయలవుతాయి.

మంజనీటాల్లో 60 దాకా జాతులున్నాయి. ఎక్కువ భాగం కాలిఫోర్నియాలోనే పెరుగుతాయి. బ్లూబెర్రీ, రోడోడెండ్రాన్‌లది కూడా ఇదే కుటుంబం. కొన్ని జాతులు చిన్న చెట్లంత ఎత్తు పోతాయి. ఇక్కడ చెప్పబోయేది నేలబారు రకాల గురించి, వాటిని ఒక కొమ్మ ముక్క నుంచి నిండు పొద దాకా పెంచే పని గురించి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న బే ఏరియాలో, ఫ్రీమాంట్, మిల్పీటస్, శాన్‌హోసే, డబ్లిన్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలామంది ఇంటి ముందు లాన్ తీసేసి ఈ నేల మొక్కలు వేసుకుంటున్నారు. కొని తెచ్చిన మంజనీటా రెండో వేసవికల్లా ఎండిపోయిందన్న మాట కూడా వారి దగ్గరే తరచుగా వింటున్నాను. అలా పోయిన మొక్కల్లో దాహంతో పోయినవి తక్కువ. ప్రేమగా పోసిన నీళ్ళే ఎక్కువ మొక్కలను చంపాయి. అందుకే పని మొదలుపెట్టే ముందు ఈ మొక్క సొంత ఊరు చూసి రావాలి. తర్వాత చేసే ప్రతి పనికీ కారణం అక్కడే ఉంది.

మొక్క పుట్టిన నేల

శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కింద, గోల్డెన్ గేట్ వంతెన దిగువ కొండచరియల్లో ఒక పచ్చటి రాయి అక్కడక్కడా పైకి తేలి కనిపిస్తుంది. దాన్ని సర్పెంటైన్ అంటారు. 1965లో కాలిఫోర్నియా దాన్ని తన రాష్ట్ర శిలగా ప్రకటించుకుంది. కడప జిల్లా పులివెందుల దగ్గర రాతినార గనులు చూసినవారికి ఈ రాతి కుటుంబం కొత్తది కాదు. సర్పెంటైన్ కరిగి మట్టయితే అందులో మెగ్నీషియం ఎక్కువ, కాల్షియం తక్కువ. నికెల్, క్రోమియం లాంటి లోహాలు మొక్కలు ఓర్చుకోలేనంతగా ఉంటాయి. నత్రజని, భాస్వరం అంతంతమాత్రం. మట్టి పొర కూడా పలచన, జానెడు తవ్వితే రాయి తగులుతుంది. మామూలు మొక్కలు బతకలేని ఈ చోటే మంజనీటాకు దక్కింది. పోటీకి వచ్చేవి లేవు, పైన నీడ పట్టే చెట్లు లేవు.

ఇక వాన సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడాదికి కురిసేది సుమారు 580 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో కురిసేది కూడా దాదాపు అంతే. తేడా అంతా కాలంలో ఉంది. అనంతపురానికి వాన జూన్ తర్వాత, నేల ఇంకా వేడిగా ఉండగానే వస్తుంది. ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా, చలిలో కురుస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా చినుకు పడదనే అనుకోవాలి. వేసవి సాయంత్రాల్లో పసిఫిక్ మీంచి మంచు కమ్ముకుని ఆకులు తడుస్తాయి, గాలి చల్లబడుతుంది. కానీ వేరు దాకా దిగేటంత తడి అందదు. అంటే ఈ మొక్క వేళ్ళు చల్లటి తడిని ఎరుగును, వేడి పొడిని ఎరుగును. వేడీ తడీ కలిసి ఉన్న మట్టిని మాత్రం లక్షల ఏళ్ళుగా ఎన్నడూ ఎరగవు. తెలుగునాట మొక్కలన్నీ బతికేదే ఆ వేడి తడిలో. మన చేతికి ఆ అలవాటే ఉంది. ఎండ కాస్తే నీళ్ళు పోయాలనిపిస్తుంది. ఈ పొద విషయంలో మార్చుకోవలసింది ఆ ఒక్క అలవాటే.

రకం ఎంచుకోవడం

సముద్రపు గాలి తగిలే డేలీ సిటీ, పసిఫికా, ఓక్లండ్ కొండల వంటి చోట ఉన్నవారికి ఫ్రాన్సిస్కన్ రకమే బాగుంటుంది. లిటిల్ సర్ నది ప్రాంతపు తీరం నుంచి వచ్చిన 'కార్మెల్ సర్' రకం అడుగెత్తున చాపలా పరుచుకుంటుంది. 'ఎమరాల్డ్ కార్పెట్' పచ్చదనంలో అందమైనది. కానీ శాన్‌రమోన్, డబ్లిన్ వైపు వేసవి వేడికి అది అవస్థ పడుతుంది, మధ్యాహ్నపు నీడ కావాలి. లోపలి ఊళ్ళకు, కాస్త జిగురు మట్టికి 'జాన్ డౌర్లీ' ఓర్పుగల రకం. అది మిగతా వాటికంటే కొంచెం ఎత్తు పోతుంది. కొత్త చిగుళ్ళు రాగి రంగులో వస్తాయి. నా మటుకు నాకు వేడి ఊళ్ళలో మొదటిసారి నాటేవారికి జాన్ డౌర్లీనే చెబుతాను.

కొమ్మ ముక్క తీయడం

గింజతో మొదలుపెట్టవచ్చు కదా అనిపిస్తుంది. మంజనీటా గింజ పెంకు రాయంత గట్టిది. అడవిలో అది మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉండి, కార్చిచ్చు వచ్చి పోయాక, పొగ, బొగ్గుల రసాయనాలు తగిలాక మేలుకుంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో ఈ మొక్కల మీదే దశాబ్దాలు పనిచేసిన థామస్ పార్కర్ ఇంకో సంగతి చూపించారు. ఎలుక జాతి జంతువులు కాయలను తీసుకెళ్ళి మట్టిలో దాచుకుంటాయి. అవి మరిచిపోయిన గింజలు లోతున ఉండబట్టి నిప్పు వేడికి చావకుండా మిగులుతాయి. చాలా మంజనీటాలు కాలిపోతే మొదలు నుంచి మళ్ళీ చిగురించవు. వాటి వంశమంతా ఆ పాతిపెట్టిన గింజల్లోనే ఉంటుంది. పెరట్లో ఇదంతా నడిపించడం కష్టం. పైగా తోటల్లో పక్కపక్కన ఉన్న రకాలు ఇట్టే సంకరమైపోతాయి, గింజతో వచ్చేది తల్లి పోలికను నిలుపుకోదు. కాబట్టి కొమ్మ ముక్కే దారి.

ఈ పద్ధతి లేకపోతే ఫ్రాన్సిస్కన్ మంజనీటా ఇవాళ తోటల్లో కనిపించేది కాదు. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో పనిచేసిన ఆలిస్ ఈస్ట్‌వుడ్ 1905లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. మరుసటి ఏడాది భూకంపం వచ్చినప్పుడు, మంటలు చేరకముందే కూలిపోతున్న అకాడమీ భవనం పైఅంతస్తు ఎక్కి దాదాపు 1500 మొక్కల నమూనాలను కాపాడిన మనిషి ఆమే. అప్పటికి నగరం కొండలన్నీ కట్టడాలతో నిండుతున్నాయి. ఈ పొద బతికిన కొద్ది చోట్లలో శ్మశానాలు ముఖ్యమైనవి, సమాధుల మధ్య ఎవరూ ఇళ్ళు కట్టరు కనుక. నగరం తన శ్మశానాలను కూడా ఎత్తివేయడం మొదలుపెట్టాక ఆ నీడ పోయింది. 1947లో లారెల్ హిల్ శ్మశానం నేలను బుల్డోజర్లు చదును చేశాయి. అంతకు ముందే అక్కడి నుంచి మొక్కలు తెచ్చి తోటల్లో బతికించినవారిలో బర్క్‌లీ కొండల మీద రీజినల్ పార్క్స్ బొటానిక్ గార్డెన్‌ను నిర్మించిన జేమ్స్ రూఫ్ ఒకరు. అడవిలో ఇక లేదనుకున్నారు.

2009 అక్టోబరులో వృక్షశాస్త్రవేత్త డానియల్ గ్లూసెన్‌క్యాంప్ కారులో గోల్డెన్ గేట్ వంతెన దిగి వస్తుండగా, రోడ్డు పునర్నిర్మాణం కోసం చెట్లు కొట్టేసిన చోట, వాహనాలు దూసుకుపోయే దారుల మధ్య మిగిలిన చిన్న ముక్క నేలలో ఒక పొద కంటపడింది. ఫ్రాన్సిస్కన్ మంజనీటాయే. దాన్ని కమ్మేసిన చెట్లు, తుప్పలు తొలగించాకే బయటపడింది. 2010 జనవరిలో వేళ్ళ చుట్టూ పెద్ద మట్టిగడ్డతో సహా క్రేన్‌తో లేపి, నగరంలోని ప్రెసిడియో పార్కులో ఎవరికీ చెప్పని చోట నాటారు. కదిలించే ముందే దాని నుంచి కొమ్మ ముక్కలు, గింజలు సేకరించి బొటానిక్ గార్డెన్లకు పంపారు. పెద్ద మొక్క చచ్చినా దాని ప్రాణం మరోచోట నిలవాలన్న ముందుచూపు అది. 2012లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. దీని బంధువు రేవెన్స్ మంజనీటాది ఇంకా సన్నటి దారం. 1950ల మొదట్లో పీటర్ రేవెన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ప్రెసిడియోలో చూసిన ఒకే ఒక్క పొద దానికి అడవిలో మిగిలిన తల్లి. ఆ పేరు ఆయన నుంచి వచ్చిందే.

అందుకని మొదటి నియమం: కొండల మీద, పార్కుల్లో పెరిగే మొక్క మీద కత్తెర పెట్టకండి. చట్టం ఒప్పుకోదు, మొక్కల సంఖ్యా ఒప్పుకోదు. స్నేహితుల పెరట్లో ఆరోగ్యంగా ఉన్న పొద అడిగి తీసుకోండి.

కాలం నవంబరు చివరి నుంచి జనవరి దాకా. ఆ ఏడాది పెరిగిన కొమ్మ కొస కావాలి. చిగురంత లేతగా ఉంటే కుళ్ళుతుంది, బెరడు ఎర్రబడి ముదిరితే వేరు పట్టడం ఆలస్యం. వంచితే కాస్త వంగి తర్వాత పుటుక్కున విరిగే దశ సరైనది. పొద్దున్నే, కొమ్మలో నీరు నిండుగా ఉన్నప్పుడు నాలుగైదు అంగుళాల ముక్కలు కత్తిరించి, తడి కాగితంలో చుట్టి కవరులో నీడన పెట్టాలి. కత్తెరను ప్రతి మొక్కకూ ముందు 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. ఈ తుడవడం ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక ఆకు కణుపుకు సరిగ్గా కింద కొత్త కోత కోయండి. కింది సగం ఆకులు తుంచేయండి. కొసన చూస్తే సన్నటి పూమొగ్గల గుత్తి ఒకటి ముడుచుకుని కనిపిస్తుంది. మంజనీటా మరుసటి చలికాలపు పూతను అంతకు ముందు వసంతంలోనే తయారు చేసి నెలల తరబడి అలా వేలాడదీసి ఉంచుతుంది. చూడముచ్చటైన ఏర్పాటే, కానీ ఇప్పుడు దాన్ని గిల్లేయాలి. లేకపోతే ముక్కలో ఉన్న కాస్త బలమూ పూతకే పోతుంది. కింది అంగుళం మేర ఒకవైపు బెరడును సన్నగా గీరి, వేరు పట్టించే హార్మోను పొడిలో ముంచి దులపండి. నర్సరీల్లో ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం పేరుతో దొరికే పొడిలో 0.3 నుంచి 0.8 శాతం బలమున్నది చాలు.

వేరు పట్టే దాకా

తొట్టెలో తోటమట్టి వద్దు. మూడు నాలుగు పాళ్ళు పెరలైట్, ఒక పాలు పీట్ కలిపి తడిపి, పిడికిట నొక్కితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేలా చేసుకోండి. అందులో ముందు పుల్లతో రంధ్రం పొడిచి తర్వాత ముక్క దింపాలి, లేకపోతే హార్మోను పొడి పైనే రాలిపోతుంది. పైన పారదర్శకమైన మూత పెట్టి, వెలుతురు బాగా ఉండి నేరుగా ఎండ తగలని చోట ఉంచండి.

ఇక్కడ అసలు కీలకం ఉష్ణోగ్రత. అడుగు వెచ్చగా, పైభాగం చల్లగా ఉండాలి. నారు తొట్టెల కింద పరిచే వేడి చాపతో అడుగును 21 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి, తొట్టెను చల్లటి గరాజ్ కిటికీ దగ్గర పెడితే చక్కగా కుదురుతుంది. పైన కూడా వెచ్చగా ఉంటే వేరు రాకముందే చిగురు వేస్తుంది. ఆ చిగురును పోషించే వేరు లేక ముక్క వాడిపోతుంది. ఆకుల మీద సన్నటి తుంపర చల్లుతూ, రోజూ కాసేపు మూత తీసి గాలి ఆడనివ్వాలి. నల్లబడిన ఆకు కనిపిస్తే వెంటనే ఏరేయాలి.

వేరు రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మధ్యలో పీకి చూడకూడదు. కోసిన చోట ముందు తెల్లటి గడ్డలా కట్టి, ఆ తర్వాత వేళ్ళు బయలుదేరతాయి. సన్నగా పైకి లాగితే పట్టు తెలుస్తుంది. అన్నీ వేరు పట్టవు. ఒక్క మొక్క కావాలనుకున్నా డజను ముక్కలు పెట్టడం మేలు. పట్టినవాటిని నాలుగంగుళాల కుండీల్లోకి మార్చాలి. ఈసారి మిశ్రమంలో పెరలైట్‌కు తోడు ప్యూమిస్ రాయి నలుసులు, కాస్త చెట్టు బెరడు పొట్టు కలపండి. వసంతమంతా ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ. కుండీలో ఉన్నన్నాళ్ళు ఏ మొక్కకైనా నీళ్ళు కావాలి కనుక ఇక్కడ మాత్రం ఆరుతడి పద్ధతి, పైమట్టి ఆరాక తడపడం.

కంటికి కనిపించని శత్రువు

ఫైటాఫ్తొరా పేరు మన రైతులకు కొత్త కాకపోవచ్చు. తమలపాకు తోటల్లో తీగ మొదలు కుళ్ళించేది, చేమ ఆకును మాడ్చేది, బత్తాయి, నిమ్మ చెట్ల మొదళ్ళ నుంచి బంక కార్పించేది ఈ జాతి సూక్ష్మజీవులే. శిలీంధ్రంలా కనిపించినా దాని వంశం వేరు. నీళ్ళలో ఈదే విత్తనాల వంటి కణాలను వదులుతుంది. మట్టి రేణువుల మధ్య నీరు నిలిస్తే అవి ఈదుకుంటూ వేరు కొసను చేరతాయి. నేల వెచ్చగా ఉంటే మరీ చురుకు. చలి తడి, వేడి పొడి తప్ప ఎరగని మంజనీటా వేళ్ళకు వేసవిలో రోజూ నీరు పెడితే ఈ జీవికి విందు పిలిచినట్లే.

దీని నష్టం పెరటితో ఆగలేదు. ఆమడార్ కౌంటీలో అయోన్ అనే ఊరి చుట్టూ, పాతకాలపు పుల్లటి ఎర్రమట్టిలో మాత్రమే పెరిగే అయోన్ మంజనీటా అనే పొట్టి జాతి ఉంది. దాని గుంపుల్లో ఫైటాఫ్తొరా చొరబడి నేలలకు నేలలను ఖాళీ చేసింది. ఓక్లండ్ కొండల్లోని పాలిడ్ మంజనీటాకూ ఇదే తెగులు పట్టింది. ఇది బూట్లకంటిన బురదతో, నర్సరీ కుండీల మట్టితో ఊళ్ళు దాటుతుంది. కత్తెర తుడవమన్నది ఇందుకే. కుండీలు కూడా కొత్తవి గానీ బ్లీచింగ్ నీళ్ళలో కడిగిన పాతవి గానీ వాడండి. కుండీలను నేల మీద పెట్టకుండా బల్ల మీదో జాలీ మీదో పెట్టండి. వాన చిందులు కింది మట్టిని కుండీలోకి తేకూడదు. కొండ మీంచి మట్టి తెచ్చి కలిపితే మేలు చేసే బూజులు వస్తాయని కొందరు చెబుతారు. మంజనీటా వేళ్ళకు బూజులతో సహజీవనం ఉన్న మాట నిజమే. డగ్లస్ ఫిర్ చెట్ల మొలకలు మంజనీటా పొదల మధ్య బాగా నిలదొక్కుకోవడానికి రెంటికీ ఉమ్మడిగా ఉన్న ఆ బూజులే కారణమని పరిశోధనల్లో తేలింది కూడా. అయినా అడవి మట్టిని కదిలించి తేవడంలో ప్రమాదం ఎక్కువ, లాభం తక్కువ.

నేల సిద్ధం చేయడం

వేసవి చివర లాన్ తీసేయండి. బే ఏరియా పల్లపు ఊళ్ళలో ఉన్నది ఎక్కువగా జిగురు మట్టి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే స్వభావం, అచ్చం మన నల్లరేగడిదే. అడుగు లోతు గొయ్యి తవ్వి నీళ్ళు నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపి గంటగంటకూ కొలవండి. గంటకు అంగుళమైనా దిగితే ఆ నేల సరే. అంతకంటే నెమ్మదైతే అక్కడే నాటవద్దు, దిబ్బ కట్టాలి. అడుగు, అడుగున్నర ఎత్తున, అడుగున వెడల్పుగా ఏటవాలుగా సాగే దిబ్బ. అందులో ఉన్న మట్టికే ముతక ఇసుక, చిన్న రాళ్ళు బాగా కలపాలి.

ఇక్కడ మన అలవాట్లు రెండు పక్కన పెట్టాలి. మొదటిది ఎరువు. పేడ ఎరువు, వంటింటి కంపోస్టు, గుప్పెడు వేపపిండి ఏదీ వద్దు. బీద నేలలో పుట్టిన ఈ పొదకు బలమైన మట్టి దొరికితే కొమ్మలు లేతగా, పొడుగ్గా సాగి రోగాలకు లొంగుతాయి, ఆయుష్షు తగ్గుతుంది. రెండోది పాదు. మొక్క చుట్టూ పాదు చేసి నీళ్ళు నిలబెట్టడం మనకు చిన్నప్పటి నుంచీ చేతికి వచ్చిన పని. మంజనీటాకు ఆ గుంట వేరుకుళ్ళుకు తెరిచిన తలుపు. నీరు మొదలు నుంచి పక్కకు జారిపోవాలి.

ఇంటి గోడకు కనీసం ఐదడుగుల దూరం ఉంచండి. నిప్పు అంటుకుంటే ఈ పొద బాగా మండుతుంది. కార్చిచ్చుల కాలంలో కాలిఫోర్నియాలో గోడ పక్కన ఆ ఐదడుగులు ఏ పొదా లేకుండా ఉంచుకోవడమే క్షేమం. మొక్కకూ మొక్కకూ మధ్య నాలుగైదడుగుల ఖాళీ వదలాలి. నాటిన రోజున అది బోసిగా కనిపిస్తుంది, దగ్గరగా వేయాలని మనసు లాగుతుంది. లొంగవద్దు.

నాటే రోజు

అక్టోబరు చివర, నవంబరు మొదట, మొదటి మంచి వాన పడబోయే ముందు వారం సరైన సమయం. చలికాలమంతా వానే నీళ్ళు పోస్తుంది, వేరు కిందికి దిగడానికి ఐదు నెలల గడువు దొరుకుతుంది. మన ఊళ్ళో తొలకరికి నాటినట్టే, కాలం మాత్రం ఎదురు.

కుండీ లోతే గొయ్యి, వెడల్పు మాత్రం రెండింతలు. ముందు గొయ్యిని నీళ్ళతో నింపి పూర్తిగా ఇంకనివ్వండి, చుట్టూ పొడిగా ఉన్న నేల మట్టిగడ్డలోని తడిని లాగేసుకోకుండా ఉంటుంది. మొక్కను కుండీ నుంచి తీసి, వేళ్ళు గుండ్రంగా చుట్టుకుని ఉంటే చేతి వేళ్ళతో మెల్లగా విడదీయండి. కుదురు, అంటే కాండమూ వేరూ కలిసే చోటు, చుట్టుపక్కల నేల కంటే అంగుళం ఎత్తున ఉండాలి. ఈ అంగుళంలోనే మొక్క ప్రాణం ఉంది. తవ్విన మట్టినే తిరిగి నింపి చేత్తో అదమండి, కాలితో తొక్కవద్దు. ఒకసారి నిండుగా నీళ్ళు పెట్టాక మట్టి కుంగితే ఇంకాస్త నింపండి, కుదురు మాత్రం కప్పకుండా. పైన చిన్న గులకరాళ్ళు గానీ చెక్క పొట్టు గానీ రెండంగుళాల మందాన పరచి, మొదలు చుట్టూ అరచేయి మేర ఖాళీ వదలాలి.

మూడు వేసవులు

మొదటి వేసవి కష్టమైనది. వేరు ఇంకా లోతుకు పోలేదు కనుక నీరు ఇవ్వక తప్పదు. ఎప్పుడు, ఎలా అన్నదే అంతా. రెండు వారాలకోసారి, ఎండ తాకని తెల్లవారుజామున, మొదలుకు అడుగు దూరంలో నెమ్మదిగా లోతుకు దిగేలా పెట్టండి. తర్వాత మళ్ళీ రెండు వారాలు ముట్టుకోవద్దు. ఇనుప పుల్ల గుచ్చితే నాలుగంగుళాల కింద చల్లగా, కాస్త తేమగా తగిలితే ఆ వారం కూడా మానేయండి. 35 డిగ్రీలు దాటే వేడి గాలుల రోజుల్లో నీళ్ళు పోయాలని చేయి లాగుతుంది. సరిగ్గా అప్పుడే పోయకూడదు. వేడి రాకముందు ఒకటి రెండు రోజులు ముందుగా చల్లటి వేళ పోసి ఉంచాలి. ఇంట్లో పెద్దవాళ్ళు ఊరి నుంచి వచ్చి ఉంటే వారికి ఈ సంగతి విడమరిచి చెప్పండి. రోజూ తులసి కోటకు చెంబెడు నీళ్ళు పోసే చేయి, పక్కనే వాడినట్టు కనిపించే మొక్కను దాటి వెళ్ళలేదు. ఆ చెంబు మరో మొక్కకు దక్కేలా చూడండి.

లాన్ కోసం వేసిన స్ప్రింక్లర్ మిగిలి ఉంటే దాని గొట్టం మూసేయండి. రోజూ ఐదు నిమిషాలు పైపైన తడిపే ఆ పద్ధతి వేరును పైనే ఆపేస్తుంది, మొదలును ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. బిందుసేద్యం పెట్టుకున్నవారు నీటి చుక్క మొదలు దగ్గర పడకుండా కొమ్మల అంచు దగ్గరికి జరపాలి.

రెండో వేసవిలో నెలకోసారి సరిపోతుంది. మూడో ఏడాది నుంచి సముద్రతీరపు ఊళ్ళలో అసలు వద్దు. లోపలి వేడి ఊళ్ళలో వేసవి మొత్తానికి రెండు మూడుసార్లు.

మొక్క బాగోలేనప్పుడు ఏమైందో గుర్తు పట్టడం నేర్చుకోవాలి. ఆకులన్నీ ఒక్కసారిగా మసకబారి, తడిగా ఉన్న మట్టిలోనే మొక్క వాడితే వేరుకుళ్ళు. అప్పుడు ఇంకా నీళ్ళు పోయడం చావును దగ్గర చేయడమే. ఒక్క కొమ్మ మాత్రం గోధుమరంగుకు తిరిగి ఎండితే అది కొమ్మ ఎండు తెగులు కావచ్చు. పొడి వాతావరణం చూసి, ఎండిన భాగం కింద ఆరోగ్యంగా ఉన్న చోటికి కోసి తీసేయండి. ఆకు అంచులు ఎర్రగా ఉబ్బి ముడుచుకుంటే అది పేనుబంక కట్టిన గూడు. మందు కొట్టక్కరలేదు, మొక్కకు పెద్ద హాని లేదు.

కత్తిరింపు వీలైనంత తక్కువ. చిగుళ్ళ కొసలు గిల్లితే గుబురుగా పరుచుకుంటుంది. పాత, ఆకుల్లేని ఎర్ర కొమ్మను సగంలో నరికితే అక్కడ మళ్ళీ చిగురు రాదు. హెడ్జ్ కత్తిరించే యంత్రాన్ని దీని దరిదాపులకు రానివ్వకండి.

పూత వచ్చాక

రెండో చలికాలానికో మూడో చలికాలానికో మొదటి పూత చూస్తారు. ఆ రోజుల్లో కాసేపు మొక్క దగ్గర కూర్చోండి. ఈ పూల పుప్పొడి కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లో దాగి ఉంటుంది. పెద్ద తుమ్మెద పూవును పట్టుకుని వేలాడి, రెక్కలు కదపకుండా కండరాలను ఝుమ్మని అదిరిస్తే ఆ కంపనానికి పుప్పొడి రాలుతుంది. ఆ శబ్దం మామూలు ఎగురుడు శబ్దం కంటే పైస్థాయిలో, ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. చలికాలంలో వేరే పూలు దొరకని అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ తేనె కోసం వస్తుంది. కాయలు పక్షులకు, జంతువులకు ఆహారం. ఈ నేల ఆదివాసులు ఆ కాయలను దంచి పిండి చేసుకునేవారు, నీళ్ళలో నానబెట్టి పుల్లటి పానీయం చేసుకునేవారు.

మరో మొక్క కావాలంటే ఇక హార్మోను పొడితో, వేడి చాపతో పని లేదు. పాకే కొమ్మ ఒకటి నేలకు తగిలే చోట బెరడును కొంచెం గీరి, గుప్పెడు ఇసుక మట్టి కప్పి, మీద ఒక రాయి పెట్టండి. మన మల్లెకు, సన్నజాజికి నేల అంటు తొక్కేదీ ఇలాగే. చలికాలం మొదట్లో తొక్కితే మరుసటి శరత్కాలానికి వేళ్ళు గట్టిపడతాయి. తల్లి వైపు కొమ్మను అప్పుడు కోసి, కొత్త మొక్కను కొద్ది వారాలు ఉన్నచోటే ఉండనివ్వండి, తన వేళ్ళ మీద తాను బతకడం అలవాటవుతుంది. తర్వాత మట్టిగడ్డ చెదరకుండా పారతో లేపి, నవంబరు వానకు ముందు కొత్త చోట, కుదురు అంగుళం ఎత్తున నాటాలి.